సంకల్పములో కాలము



2025వ సంవత్సరపు ఉగాదినాడు ఒక దేవాలయమున పంచాంగ శ్రవణము ముగించి మేము వేదిక దిగుచుండగా, ఒక యువకుడు సమీపించి నమస్కరించి యొక ప్రశ్న వేసెను. "గురువుగారూ! పూజకు ముందు అర్చకులు చెప్పు సంకల్పమును చిన్నప్పటినుండి వినుచున్నాను. కల్పములు, మన్వంతరములు, ద్వీపములు, ఖండములు ఇన్ని చెప్పిన తరువాత గాని నా పేరు రాదు. భగవంతునికి తేదీయు చిరునామాయు తెలియవా? మనము చెప్పినగాని ఆయన గుర్తింపలేడా?" అని. ప్రక్కనున్న పెద్దలు కొందఱు అతనిని మందలింపబోయిరి. మేము వారించితిమి. ఆ ప్రశ్నలో అవినయము లేదు. అదియే ప్రశ్న మేమును పదేండ్ల వయస్సున పాఠశాలలో అడిగి, గురువుగారిచేత మొట్టికాయ తిన్నాము. మొట్టికాయ సమాధానము కాదు గనుక, అది మొదలు నేటి వఱకు ఆ ప్రశ్న మావద్దనే యున్నది. ఆనాడు ఆ యువకునకు నాలుగు మాటలలో చెప్పినదానిని ఇచ్చట కొంత విస్తరించి విన్నవింతుము.

సంకల్పమనగా నిశ్చయము. "ఈ పని నేను చేయుదును" అని మనస్సును కట్టివేయుట. లోకవ్యవహారమున అప్పు పత్రము వ్రాయువారు ముందు తేదీ వేసి, ఊరు పేరు వ్రాసి, తమ పేరును తండ్రి పేరును వ్రాసి, ఆ తరువాతనే విషయమునకు వత్తురు. తేదీ లేని ప్రామిసరీ నోటును నమ్మి ఎవరును డబ్బు ఇయ్యరు. అచ్చట తేదీ వేయుట అప్పు ఇచ్చిన వానికి దినము తెలియక కాదు. తీసికొన్నవాడు మాట తప్పకుండుటకు. సంకల్పమును అట్టిదే. విశ్వరూప సందర్శన సమయమున శ్రీకృష్ణ భగవానుడు అర్జునునితో తానే కాలమని చెప్పియున్నాడు. కాలస్వరూపునికి మనము కాలమును తెలుపనేల? తెలియవలసినది మనకు. ఎంతటి కాలములో, ఏ మూలన నిలిచి, ఈ మాట ఇచ్చుచున్నామో మన నోటితో మనమే చెప్పుకొని మన చెవితో మనమే వినవలెను.

ఇప్పుడు ఆ కాలపు కొలతను చూతము. బ్రహ్మదేవునికి ఆయన మానమున ఆయుర్దాయము నూఱేండ్లు. అందు ఏబది గడచినవి. రెండవ పరార్ధమున మొదటి దినము నడచుచున్నది. ఆ దినమునకే శ్వేతవరాహ కల్పమని పేరు. ఆ యొక్క పగలు 1,000 మహాయుగములు, అనగా మన లెక్కకు 432 కోట్ల సంవత్సరములు. ఆ పగటిలో పదునలుగురు మనువులు వరుసగా వత్తురు. ఒక్కొక్క మనువునకు 71 మహాయుగములు. పదునాలుగు డెబ్బదియొకట్లు 994 మాత్రమే గదా అని లెక్క తెలిసినవారు అడుగుదురు. మిగిలిన ఆఱు మహాయుగముల కాలమును మన్వంతరముల నడుమ సంధులుగా పంచిరి. ఇప్పటి మనువు ఏడవవాడైన వైవస్వతుడు. ఆయన కాలమున 27 మహాయుగములు గడచి 28వది సాగుచున్నది. అందు 17,28,000 ఏండ్ల కృతయుగము, 12,96,000 ఏండ్ల త్రేతాయుగము, 8,64,000 ఏండ్ల ద్వాపరయుగము ముగిసినవి. 4,32,000 ఏండ్ల కలియుగమున మనమున్నాము. కలి ప్రవేశము క్రీస్తుపూర్వము 3102వ సంవత్సరమని జ్యోతిశ్శాస్త్ర గణన. 2025 ఉగాది నాటికి 5,126 ఏండ్లు గడచినవి.

ఇచ్చట రెండు మాటలు చెప్పవలెను. బ్రహ్మ యొక్క పగలు 432 కోట్ల ఏండ్లనియు, నేటి శాస్త్రజ్ఞులు భూమి వయస్సును సుమారు 450 కోట్ల ఏండ్లని చెప్పుచున్నారనియు పోల్చి మురిసిపోవువారు కొందఱు కలరు. మాకు ఆ మురిపెము లేదు. వారి లెక్క వేఱు, దాని ప్రయోజనము వేఱు. రేపు వారు తమ సంఖ్యను సవరించుకొన్నచో మనము సంకల్పమును దిద్దుకొందుమా? రెండవది, "కలికాలము, ఏమి చేయగలము?" అని ప్రతి తప్పునకును యుగమును సాకుగా చూపువారు. నాలుగు పాదములలో మొదటి పాదము నడచుచున్నదని ప్రతిదినము మన నోటనే చెప్పుచున్నాము. గడచినది మొత్తములో ఎనుబది నాలుగవ వంతు మాత్రమే. ఇంత తెల్లవాఱుజామున కలిమీద నింద మోపుట సోమరితనము.

ఈ గణనతో తన జీవితమును ముడివేసికొన్న మహనీయుడు ఆర్యభటుడు. కలియుగమున 3,600 ఏండ్లు గడచిన నాటికి తనకు ఇరువది మూడేండ్లు నిండినవని ఆయన తన గ్రంథమున చెప్పుకొన్నాడు. అందువలననే అది క్రీ.శ. 499 అని నేడు మనకు తెలియుచున్నది. ఆయన ఏ రాజు కొలువున నుండెనో చెప్పలేదు, ఏ బిరుదము పొందెనో చెప్పలేదు. యుగమెంత గడచినదో, అందు తన వయస్సెంతో మాత్రము చెప్పెను. మా దృష్టికి అదియు నొక సంకల్పమే.

సంకల్పపు నడకను గమనింపుడు. కోట్ల సంవత్సరముల నుండి అది దిగుచు వచ్చును. ప్రభవాది అఱువదిలో నొక సంవత్సరము, ఆ పిమ్మట అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము. తిథియనగా గడియారపు దినము కాదు. సూర్యునినుండి చంద్రుడు పండ్రెండు డిగ్రీలు ఎడమగుటకు పట్టు కాలము. అది ఒకప్పుడు ఇరువది గంటలకు లోపుగను, ఒకప్పుడు ఇరువదియాఱు గంటలకు పైగను ఉండును. మన తల్లిదండ్రుల ఆబ్దికములు తేదీకి కాక తిథికి జరుగుటకు ఇదియే మూలము. వారు పోయిననాడు ఆకాశమున సూర్యచంద్రులు ఎంత ఎడముగ నుండిరో అంత ఎడమునకు మరల వచ్చిననాడు మనము వారిని పిలుచుచున్నాము.

కాలము వలెనే దేశమును దిగివచ్చును. జంబూద్వీపము, భరతవర్షము, భరతఖండము, శ్రీశైలమునకు మనమున్న దిక్కు, ఏ నదుల నడుమ నున్నామో ఆ నదుల పేర్లు. ఇల్లు మారినచో దిక్కు మారును. సముద్రములు దాటి అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారును దేశమును తగినట్లు మార్చి సంకల్పము చెప్పుకొనుచున్నారు. అక్కడి సూర్యోదయమును బట్టి పంచాంగమును గణింపించుకొనుచున్నారు. మనకు ఒకనాడైన పండుగ వారికి వేఱొకనాడు వచ్చినచో తప్పేమియు లేదు. దేశమును మార్చి కాలమును మార్చకున్న అది తప్పు. తుదకు గోత్రము వచ్చును, ఆపైన పేరు. 432 కోట్ల ఏండ్లతో మొదలైన వాక్యము ఒక మనుష్యునివద్దకు వచ్చి ఆగును. ఇంత కాలములో నీవెంత అని అతనిని చిన్నబుచ్చుట దీని ఉద్దేశమని కొందఱందురు. మేము అంగీకరింపము. చిన్నబుచ్చదలచినవారు అతని పేరునే ఎత్తరు.

ఈ పొడవైన వాక్యమున ఏలుచున్న రాజు పేరు ఎచ్చటను లేదు. శాలివాహన శకమని కొన్ని సంప్రదాయములవారు చెప్పుదురు. అదియు గణనకు పేరే గాని సింహాసనమున నున్న ప్రభువు పేరు కాదు. ఈ లోపము మఱపు వలన జరిగినది కాదని చరిత్రను చూచినవారికి తోచును.

నాగార్జునకొండ లోయలో విజయపురి రాజధానిగా క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు ఏలిరి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేసినవాడు. వారి శాసనములలో కాలము సాధారణముగ ఎట్లుండుననగా, "ఈ రాజు ఏలుబడిలో ఇన్నవ యేడు" అని యుండును. రాజు తననుండి తాను లెక్క పెట్టుకొన్నాడు. వంశము పోగానే ఆ లెక్కకు ఆధారము పోయినది. ఏ రాజు ఏ సంవత్సరమున గద్దెనెక్కెనో తేల్చుటకు పండితులు నేటికిని తర్జనభర్జన పడుచున్నారు. 1954 నుండి 1960 వఱకు అచ్చట త్రవ్వకములు జరిగినవి. ఆ తరువాత నాగార్జునసాగరపు నీరు ఆ లోయను ముంచివేసినది. కొన్ని కట్టడములను ఎత్తయిన చోటికి తరలించి మరల నిలిపిరి. అశ్వమేధము జరిగిన నేలమీద నేడు కృష్ణ నిలిచియున్నది.

ఇంతకంటె పెద్ద యత్నము కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యునిది. 1076లో, నల నామ సంవత్సరమున, పట్టాభిషిక్తుడై, శకవర్షమును ప్రక్కకు నెట్టి తన పేర క్రొత్త శకమును స్థాపించెను. చాళుక్య విక్రమ శకమని దానికి పేరు. సామాన్యుడా, 1126 వఱకు అర్ధశతాబ్దము ఏలినవాడు! తెలంగాణములోని ఎన్నో శాసనములలో ఆ శకమే కనబడును. ఆయన గతించిన పిమ్మట కొన్ని తరములలోనే దానిని లెక్కించువారు లేకపోయిరి. ప్రక్కకు నెట్టబడిన శకవర్షమే మరల వచ్చి కూర్చున్నది. ఆ చక్రవర్తి నీడలో విజ్ఞానేశ్వరుడను పండితుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షరయను వ్యాఖ్య వ్రాసెను. రాజు శకము పోయినది గాని, ఆ వ్యాఖ్య మాత్రము ఎనిమిది శతాబ్దములకు పైగా మన తెలుగు కుటుంబములలో అన్నదమ్ములు ఆస్తిని ఎట్లు పంచుకొనవలెనో నిర్ణయించుచు వచ్చినది. ఈ మితాక్షరను గూర్చి ముందు చెప్పవలసిన మాట యొకటి కలదు. అందాక గుర్తుంచుకొనుడు.

ద్రాక్షారామ భీమేశ్వరాలయమున గోడలమీదను స్తంభములమీదను వందలకొలది శాసనములు కలవు. పెక్కింటిలో దండయాత్రలు లేవు, దీపములున్నవి. ఫలాని శకవర్షమున, ఫలాని సంక్రాంతినాడు, ఫలాని యామె స్వామికి అఖండదీపమునకు గాను ఇన్ని గొఱ్ఱెలను ఫలాని కాపరికి అప్పగించినది. అతడును అతని సంతతివారును దినమునకు మానెడు నెయ్యి చొప్పున ఆచంద్రార్కము పోయుచుండవలెను. చూడుడు, గడువు సూర్యచంద్రులున్నంత కాలము. పని మాత్రము దినమునకు మానెడు నెయ్యి. పెద్ద కాలమును మోయదలచినవారు దానిని ఒక్కనాటి కొలతకు దించుకొనిరి. ఆ శాసనములు చదివినప్పుడెల్ల మాకు సంకల్పమే స్ఫురించును.

కోటలకు ఆ సదుపాయము లేదు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించినది 1213లో, శ్రీముఖ సంవత్సరమున. ఓరుగల్లు కూలినది 1323లో. నడుమ నున్నవి నూటపది యేండ్లే. కోటలోని స్వయంభూ శివాలయము నేలమట్టమై, దాని నాలుగు తోరణములు మాత్రము నిలిచియున్నవి. లోపలికి దారి చూపుచున్నవి గాని లోపలేమియు లేదు. విద్యానగరమును అంతియే. 1336లో, ధాత నామ సంవత్సరమున, ఆరంభము. 1565లో, రక్తాక్షి సంవత్సరపు మాఘమున, రక్కసి తంగడి యుద్ధముతో వెన్ను విఱిగినది.

1972లో మేము మా అన్నగారితో కలిసి హంపికి పోయితిమి. మాకంటె ఆయన ఆఱేండ్లు పెద్ద. మాకు స్వరము నేర్పినది మొదట ఆయనయే, పాఠశాల తరువాత. తుంగభద్రలో స్నానము చేసి విరూపాక్షుని సన్నిధికి చేరితిమి. వెలుపల పొడవైన బజారు, ఇరుప్రక్కల శిథిల మంటపములు. ఒకప్పుడు రత్నములమ్మిన వీథియట. లోపల శ్రీకృష్ణదేవరాయలు తన పట్టాభిషేక కాలమున కట్టించిన రంగమంటపము, 1510 నాటి శాసనము. అర్చకుడు మాకు సంకల్పము చెప్పెను. కృష్ణా గోదావరులు పోయి తుంగభద్ర వచ్చినది. తక్కినది మా యూరిలో చెప్పుకొనునదే. వెలుపలికి వచ్చిన పిమ్మట అన్నగారు ఆ బజారువైపు చూచి, "సామ్రాజ్యము పోయినదిరా, సంకల్పము పోలేదు" అనిరి. ఆయన అట్టి మాటలు తేలికగా అనుచుండువారు. మేము నవ్వితిమి.

ఇక మా తప్పును చెప్పుకొందుము. ఇతరుల రాజ్యములను గూర్చి ఇంత పలికి మా యింటి సంగతి దాచుట ధర్మము కాదు.

1986లో, అక్షయ నామ సంవత్సరమున, మా అన్నదమ్ములకు ఆస్తి పంపకము జరిగినది. సముద్రమునకు దగ్గఱి పల్లె మాది. నేలలో నీరు ఉప్పన. మా పెరటిలోని నూయి యొక్కటే తీపినీరు. పెద్దమనుష్యులు ఇంటిని రెండుగా చేసినప్పుడు నూయి అన్నగారి వాటాలో పడినది. మేమును తోడుకొనవచ్చునని వారు పత్రమున వ్రాయబోయిరి. మేము వలదంటిమి. నూయి మాకే రావలెననియు, లేదా దాని వెల కట్టి మాకీయవలెననియు పట్టుపట్టితిమి. మితాక్షర తెలిసినవారము మేము! నీటిని పంచరాదనియు, నూతికి వెలకట్టి చీల్చరాదనియు, దాయాదులు వంతులవారీగా తోడుకొనవలెననియు అందున్నది. దానిని విద్యార్థులకు పాఠము చెప్పిన నోటితోనే మేము వెల అడిగితిమి. అన్నగారు ఒక్కసారి మావైపు చూచి, ఏమియు అనక లోపలికి పోయిరి. ఆయన ఏదేని అనియున్నచో తేలిపోయెడిది.

నడుమ గోడ లేచినది. మేము మా వాటాలో వేఱొక నూయి త్రవ్వించితిమి. నీరు ఉప్పన. ఆ నీటినే వాడితిమి. త్రాగుటకు ఊరి చెఱువునుండి కావడితో తెప్పించుకొంటిమి గాని గోడ దాటి బిందె పంపలేదు. ఆ సంవత్సరము పేరు అక్షయము. మా పగయును అట్లే అయినది.

ఆనాటినుండి మేము కాలమును ఎట్లు లెక్కించితిమో తరువాత గాని మాకు తెలియలేదు. కూతురి వివాహము "పంపకమైన మూడవ యేట". ఇల్లు కప్పించినది "గోడ లేచిన ఏడవ యేట". ఎవరైన పాత సంగతి అడిగినచో మా నోట మొదట వచ్చునది ఆ గుర్తే. విక్రమాదిత్యుడు పట్టాభిషేకము నుండి శకము స్థాపించుకొన్నాడు. మేము పంతము నుండి స్థాపించుకొంటిమి. ఆయన శకమును సగము దక్షిణదేశము వాడినది. మా శకమునకు ప్రజ మేమొక్కరమే.

ప్రతిదినము ఉదయము గోడకు ఆవల అన్నగారు దేవతార్చనకు కూర్చుండెడివారు, ఈవల మేము. వేళ యొక్కటే, తండ్రిగారు అలవాటు చేసినది. గోడ ఎత్తు తక్కువ. ఆయన కంఠము స్పష్టముగ వినబడెడిది. కల్పము, మన్వంతరము, యుగము, సంవత్సరము, మాసము, తిథి, నదులు, గోత్రము వఱకు ఆయన వాక్యమునకును మా వాక్యమునకును ఒక్క అక్షరమైనను భేదము లేదు. భేదము పేరువద్ద మాత్రమే. ఒకానొకప్పుడు రెండు కంఠములును కలిసిపోయి, పేరువద్ద విడిపోయెడివి. ఆయన కంఠముతో కలియకుండుటకై మేము వేగము పెంచి చదివిన దినములు కలవు. సంకల్పమున దురితము పోవలెనని పలుకుచు ఆ వేగము పెంచితిమి. పదునేడేండ్లు ఇట్లు గడచినవి.

2003లో, స్వభాను సంవత్సరమున, ఒక రాత్రి అన్నగారు పోయిరి. ఆయనకు సంతానము లేదు. వదినగారు మా యింటికి కబురు పంపలేదు, తామే వచ్చి గుమ్మమున నిలుచుండిరి. "కర్మ చేయవలసినవాడవు నీవే గదా" అనిరి. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆమె దర్భ యీయగా మేము కర్తగా కూర్చుంటిమి. జందెమును ఎడమకు మార్చి సంకల్పము మొదలుపెట్టితిమి. శ్వేతవరాహ కల్పము నుండి వాక్యము దిగివచ్చినది. గోత్రము వచ్చినది. తరువాత ఆయన పేరు చెప్పవలెను. పెద్దలను పేరుపెట్టి పిలుచుట మన ఆచారము కాదు గదా. పుట్టినది మొదలు మేము ఆయనను అన్నయ్యా అనియే పిలిచితిమి, ఆ పిలుపును పదునేడేండ్లు మింగితిమి. ఇప్పుడు ఆ పేరు మా నోట రావలెను, ఆయన లేడని చెప్పుటకు. పురోహితుడు రెండుమాఱులు అందించెను. మూడవమాఱు గాని పలుకలేకపోతిమి.

అప్పుడు మాకు తెలిసినది, సంకల్పమును నలుబదియేండ్లుగా చదువుచు వినలేదని. అది ప్రతి ఉదయమును మా సొంత శకమును మానుచేతినుండి లాగికొని, అందఱికిని సమానమైన కాలములో మమ్ము నిలబెట్టజూచినది. గోడకు రెండువైపులను ఒకే తిథి. మేము ఆ తిథిని నోటితో పలికి, మనస్సున "పంపకమైన పదునేడవ యేడు" అనుకొంటిమి. వేదము చదివినవాడు పెరుగునని లోకము తలచును. చదివినది చెవికి ఎక్కకున్నచో చదివినవాని కంఠము మాత్రమే పెరుగును.

మేము 1950లో వికృతి సంవత్సరమున జన్మించితిమి. 2010లో వికృతి మరల వచ్చినది. షష్టిపూర్తి శాంతికి పిల్లలు పూనుకొనిరి. అఱువదియేండ్ల చక్రమున సౌలభ్యమేమనగా, పుట్టిన సంవత్సరము మరల ఎదుటికి వచ్చి నిలుచును. కలి లెక్క ముందునకే పోవును, వెనుదిరుగదు. సంవత్సరముల పేర్లు మాత్రము తిరిగి వచ్చును. ఈ రెండు లెక్కలను ఒకే వాక్యమున ఉంచిన పెద్దల నేర్పునకు మేము ఆనాడు నమస్కరించితిమి. పేరు తిరిగివచ్చినది గాని ఆశీర్వదింపవలసిన అన్నగారు లేరు. ఆయన స్థానమున వదినగారు అక్షతలు వేసిరి. ఆ వారములోనే గోడలో ద్వారము కొట్టించితిమి. మొత్తము పడగొట్టించెదమంటిమి గాని ఆమె యొప్పుకొనలేదు. "ఉండనీ, నీడగా ఉన్నది" అనిరి. ఆమె మనస్సున మఱేమున్నదో మేము అడుగలేదు.

ఆ యువకుని ప్రశ్నకు వత్తుము. ఉద్యోగమునకు పరుగెత్తవలసియుండగా ఇంత సంకల్పము చెప్పుటకు తీరిక లేదని అతడు తరువాత అనెను. "సంక్షేప సంకల్పము కలదు, దోషము లేదు. నాయనా, పూర్తిగా చెప్పిననాడు మాత్రము గోత్రము తరువాత ఒక్క నిమిషము ఆగి పేరు చెప్పుము. ఆ నిమిషములో, నీవు కాలమును మఱి దేనినుండి లెక్కించుచున్నావో చూచుకొనుము" అంటిమి. అతడు కొంత తడవు మాటాడలేదు. పిమ్మట, తండ్రితో మాటాడి రెండేండ్లయినదని తానై చెప్పెను. మేము ఎందుకని అడుగలేదు. తండ్రిగారు ఏ ఊర నున్నారని మాత్రమడిగితిమి. రాత్రి బండికి పోయినచో తెల్లవాఱునప్పటికి చేరవచ్చునట.

ఉగాది వచ్చిన క్రొత్తలో పాత సంవత్సరము పేరే నోట వచ్చుట అందఱికిని కలదు, మాకును కలదు. అందుకని మా యింట ద్వారము ప్రక్కన గోడమీద సుద్దముక్కతో ఆ యేటి పేరు వ్రాసియుంచుట అలవాటు. 2025లో విశ్వావసు అని వ్రాసినది మా వదినగారు. ఆమెకు ఎనుబదికి చేరువ, చేయి వణకును. 'శ్వా' కొంచెము వంకరగా వచ్చినది. దిద్దెదమని విద్యార్థి యొకడు సుద్ద తీసికొన్నచో, వలదని మేమే ఆపితిమి. ఇప్పుడు త్రాగునీరు ఆ నూతినుండియే తెచ్చుకొనుచున్నాము.